సీటీసీ సంగతి తర్వాత, ముందు చేతికెంతొస్తుందో చెప్పండి

హైదరాబాద్ కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లకి, పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా ఫోన్లు చేస్తూనే ఉండే రిక్రూటర్లకి,

నమస్తే. నేను బయటివాణ్ణేం కాదు. అమీర్‌పేటలో చిన్న చిన్న కంపెనీలకు పేరోల్ (జీతాల లెక్కలు) చేసిపెట్టే ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా. నెలలో 25వ తారీఖు దాటిందంటే అటెండెన్స్ షీట్లు, పీఎఫ్ చలాన్లు, "సార్, ఈ నెల నా టీడీఎస్ ఎందుకు పెరిగింది" అనే మెసేజ్‌లు, ఇదే నా బతుకు. కాబట్టి మీ ఇబ్బందులు నాకు తెలుసు, మీ మీద నాకు పగ లేదు. కానీ ఒక విషయంలో, అంటే సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు) చెప్పి, చేతికెంతొస్తుందో చెప్పకపోవడంలో, మీరూ, తెలిసి కూడా ఇన్నాళ్ళు నోరెత్తని నేనూ కలిసి జనాన్ని తిప్పలు పెడుతున్నాం. అది మా ఇంటి గడప తొక్కేదాకా నాకు ఒళ్ళు మండలేదు. ఆ సంగతి కూడా ఒప్పుకుంటున్నా.

మా అక్క కూతురికి 2025 జూన్‌లో ఆఫర్ వచ్చింది. ఐదేళ్ళ అనుభవం, గచ్చిబౌలి వైపు ఆఫీసు, 12 లక్షల ప్యాకేజీ. మా బావకి నల్గొండలో ఎరువుల దుకాణం ఉంది. పన్నెండు లక్షల్ని పన్నెండు నెలలకి పంచడానికి ఆయనకి కాలిక్యులేటర్ అక్కర్లేదు కదా, నెలకి లక్ష అన్నాడు, ఆ సాయంత్రానికే బంధువుల్లో సగం మందికి ఫోన్ చేసి చెప్పేశాడు. చెప్పి ఊరుకోలేదు, ఆ లక్షని అప్పుడే కాగితం మీద పంచేశాడు. దుకాణం మీద తెచ్చిన లోను కిస్తీ 32,000, పిల్ల నిజాంపేటలో ఉండే ఫ్లాటు అద్దె 22,000, చిన్నోడి బీటెక్ ఫీజుకని వేసిన చీటీ 20,000. మొత్తం 74,000. మిగిలిన 26,000లో పిల్ల తిండి, బస్సు, ఫోను, బట్టలు అన్నీ హాయిగా గడిచిపోతాయని లెక్క.

జూలై ఒకటిన చేరింది. జూలై 31 సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది, 77,276 రూపాయలు. పావుగంటలో బావ నాకు ఫోన్. "ఏరా, మిగతా ఇరవై రెండు వేల చిల్లర ఏమైందిరా? మొదటి నెల కదా, ఏమన్నా పట్టుకుని తర్వాత ఇస్తారా?"

పట్టుకోలేదు బావా, అది ఎప్పుడూ అంతే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్లని ఆఫర్ లెటర్ పంపమన్నా. ఏడు పేజీల పీడీఎఫ్. మొదటి పేజీలో ముద్దక్షరాల్లో 12,00,000. ఆరో పేజీలో అనెగ్జర్ అని ఒక పట్టిక, ఫోన్‌లో రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో. ఆ పట్టికని నెలవారీగా విడదీస్తే ఇలా ఉంది. లక్షలో 10,000 వేరియబుల్, అంటే ఏడాది చివర కంపెనీ బాగుంటే, మేనేజర్ రేటింగ్ బాగుంటే, ఆమె అప్పటికి అక్కడే ఉంటే వచ్చేది. బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 40,000 కాబట్టి దాని మీద 12 శాతం, 4,800, కంపెనీ వాటా పీఎఫ్. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, 1,924. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 1,000. ఇవన్నీ పోగా గ్రాస్, అంటే కోతలకి ముందు జీతం, 82,276. అందులోంచి మళ్ళీ ఆమె వాటా పీఎఫ్ ఇంకో 4,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ (పీటీ) 200. చేతికి 77,276. ఒక్క రూపాయి కూడా తేడా లేదు, పన్ను కూడా ఒక్క పైసా పట్టలేదు. అంటే మీ లెక్క నిక్కచ్చిగా ఉంది, తప్పంతా బావదే.

కానీ బావ తప్పు చేస్తాడని మీకు ముందే తెలుసు కదండీ? తెలిసే కదా మొదటి పేజీలో ఆ అంకె, ఆరో పేజీలో ఈ అంకె?

ఇంకో సంగతి చెబుతా. ఆమె చేతిలో అప్పుడు రెండు ఆఫర్లున్నాయి. రెండోది 11 లక్షల 40 వేలు. "అరవై వేలు తక్కువ, వద్దులే" అని ఇంట్లో అందరూ కలిసి తీసిపారేశారు. జూలై 31 రాత్రి ఆ రెండో లెటర్ కూడా తెప్పించుకుని చూశా. వేరియబుల్ లేదు, మొత్తం ఫిక్స్‌డ్. పీఎఫ్ చట్టం తప్పనిసరి చేసిన 15,000 పరిమితి మీద మాత్రమే, అంటే 1,800. నెలకి 95,000లో కంపెనీ పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 1,828, ఇన్సూరెన్స్ 1,000 పోతే గ్రాస్ 90,372. ఆమె పీఎఫ్ 1,800, పీటీ 200 పోతే చేతికి 88,372. పెద్ద ప్యాకేజీ కంటే నెలకి 11,096 ఎక్కువ! నిజమే, మొదటి దాంట్లో పీఎఫ్ ఖాతాలో నెలకి 6,000 అదనంగా చేరుతోంది, అది ఆమె డబ్బే, కాదనను. కానీ పీఎఫ్ పాస్‌బుక్ చూపిస్తే బ్యాంకు వాడు కిస్తీ జమ చేసుకోడు, ఫ్లాటు ఓనర్ అంతకన్నా చేసుకోడు. ఈ సంగతి నేను మా అక్కకి ఇప్పటికీ చెప్పలేదు.

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుతో ఈ మాట అంటే వాడు నవ్వాడు. అక్కడ కంపెనీ కూడా ఉద్యోగితో సమానంగా సోషల్ సెక్యూరిటీకి (ప్రభుత్వ పెన్షన్) 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం కడుతుంది, కానీ దాన్ని తెచ్చి జీతంలో కలిపి "నీ ప్యాకేజీ ఇదీ" అని చెప్పరట. కంపెనీకి అయ్యే ఖర్చు కంపెనీ గొడవ, ఉద్యోగికెందుకు? సీటీసీ అంటేనే కంపెనీకి అయ్యే ఖర్చు. ఆ లెక్కన ఆఫీసులో ఏసీ బిల్లు, కాఫీ మెషిన్ పాలు కూడా కలపొచ్చు. ఐడియా ఇచ్చినందుకు నన్ను తిట్టకండి.

గ్రాట్యుటీ దగ్గర మాత్రం నాకు నిజంగానే కోపం వస్తుంది. మామూలు ఉద్యోగికి అయిదేళ్ళు నిండితే గానీ చేతికి రాదు. ఈ ఊళ్ళో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక చోట అయిదేళ్ళు ఉండటం ఎంత అరుదో నాకంటే మీకే బాగా తెలుసు, వాళ్ళ రిలీవింగ్ లెటర్ల మీద సంతకాలు మీవే. మూడో ఏట వెళ్ళిపోయిన పిల్లకి, నెలకి 1,924 చొప్పున "నీ జీతం" అని చూపించిన దాంట్లో దక్కేది సున్నా. రాని డబ్బుని జీతం అనడానికి ఏదో ఒక పేరుండాలి, నాకు తోచట్లేదు.

సరే, అసలు విషయానికొస్తా. మీరు ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న "కరెంట్ సీటీసీ ఎంత, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ ఎంత". అవతలి మనిషి బుర్రలో మాత్రం సీటీసీ అనేది ఉండదు. అద్దె, కిస్తీ, స్కూలు ఫీజు, అమ్మ మందులు, వీటన్నిటి మొత్తం ఉంటుంది. "నాకు నెలకి 95,000 చేతికి రావాలి" అన్నది అతని అసలు జవాబు. దాన్ని మీ భాషలోకి మార్చి చెప్పలేక నోటికొచ్చిన అంకె ఒకటి, "పధ్నాలుగు లక్షలు" అనేస్తాడు. మీరు 13కి బేరమాడతారు. ఇద్దరూ మాట్లాడుకున్నది ఒకే డబ్బు గురించి కాదు.

ఈ మార్పిడి అంత కష్టమేం కాదు, కింది నుంచి పైకి రావాలి, అంతే. 95,000 కావాలి. దానికి పీటీ 200 కలపండి, 95,200 (తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నెల జీతం 20,000 దాటితే ఇదే 200). బేసిక్ గ్రాస్‌లో సగం, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద అనుకుంటే, ఉద్యోగి పీఎఫ్ గ్రాస్‌లో 6 శాతం అవుతుంది. కాబట్టి 95,200ని 0.94తో భాగిస్తే 1,01,277. అది గ్రాస్. ఏడాదికి 12,15,324. ఇందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళకి పన్ను లెక్కలో ఇచ్చే మినహాయింపు) 75,000 తీస్తే 11,40,324, పన్నెండు లక్షల లోపే ఉంది కాబట్టి 2025-26 కొత్త పన్ను విధానంలో రిబేటు (పన్ను మాఫీ) వచ్చి పన్ను సున్నా. ఇప్పుడు దానికి కంపెనీ పీఎఫ్ 72,919, గ్రాట్యుటీ 29,229, ఇన్సూరెన్స్ 12,000 కలపండి. 13 లక్షల 29 వేల చిల్లర. ఇది ఫిక్స్‌డ్ సీటీసీ. టీ తాగుతూ చెయ్యొచ్చు.

దీనికి పైన 10 శాతం వేరియబుల్ ఉండే కంపెనీ అయితే 13.29 లక్షల్ని 0.9తో భాగించాలి, సీటీసీ 14 లక్షల 77 వేలకి వెళ్తుంది, అందులో వేరియబుల్ 1,47,719. ఇక్కడే ఒక తమాషా జరుగుతుంది, చాలామంది చూసుకోరు. ఫిక్స్‌డ్ మీద పన్ను సున్నా కదా, ఈ వేరియబుల్ ఏడాది చివర వచ్చి పడగానే పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12,88,043 అవుతుంది, అంటే రిబేటు గీత దాటేస్తుంది. దాటగానే నాలుగు లక్షల నుంచి మొదలుపెట్టి మొత్తం శ్లాబులన్నీ (ఆదాయంతో పాటు పెరిగే పన్ను రేట్లు) మీద పడతాయి. పన్ను 73,206, సెస్సుతో 76,135. బోనస్ లక్షా నలభై ఏడు వేలు, పన్నే డెబ్భై ఆరు వేలు! చేతిలో పడేది సగం కూడా కాదు. మార్చి జీతం రోజు మాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. "బోనస్ ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకున్నారు సార్" అంటారు. ఆఫర్ ఇచ్చిన రోజే ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే వాళ్ళు మాకు ఫోన్ చెయ్యరు, మిమ్మల్ని తిట్టుకోరు కూడా.

ఇక "లక్ష" కథ. మన ఊళ్ళో అందరికీ లక్ష కావాలి. 95,000 తెచ్చుకునేవాడికీ, 98,000 తెచ్చుకునేవాడికీ "చేతికి లక్ష" అని చెప్పుకోవాలని ఉంటుంది, అందులో తప్పు లేదు. కానీ ఈ గుండ్రటి అంకె సరిగ్గా గొయ్యి అంచున కూర్చుంది. పైన చెప్పిన పద్ధతిలోనే, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద అనుకుని చూడండి. గ్రాస్ 1,06,250 అయితే ఏడాదికి 12,75,000, డిడక్షన్ పోతే సరిగ్గా పన్నెండు లక్షలు, పన్ను సున్నా, చేతికి 99,675. లక్షకి ఇంకా 325 తక్కువ. ఆ 325 కోసం గ్రాస్ కొంచెం పెంచుదాం అనుకుంటాం కదా? పెంచితే చేతికొచ్చేది తగ్గుతుంది.

అవును, తగ్గుతుంది. పన్నెండు లక్షలు దాటిన మొదటి డెబ్భై వేల దాకా మార్జినల్ రిలీఫ్ అని ఒకటుంది. గీత ఎంత దాటితే అంతే పన్ను, అంతకు మించి వెయ్యరు, అదీ దాని దయ. అంటే పెరిగిన ప్రతి రూపాయి పన్నుకే పోతుంది, దాని మీద 4 శాతం సెస్సు, పైగా పెరిగిన గ్రాస్ మీద పీఎఫ్ కూడా. నెల గ్రాస్ 1,12,132 వచ్చేసరికి చేతికొచ్చేది 99,087కి దిగుతుంది. అక్కణ్ణించి మళ్ళీ మెల్లగా ఎక్కడం మొదలుపెట్టి, 1,13,297 దగ్గర లక్ష అందుతుంది. 325 రూపాయల కోసం నెలకి 7,047 గ్రాస్ పెంచాలన్నమాట. ఇంకా విచిత్రం, 99,500 అనే చేతి జీతం మూడు చోట్ల దొరుకుతుంది. 1,06,064 గ్రాస్‌కీ అంతే, 1,08,000కీ అంతే, 1,12,659కీ అంతే. పీఎఫ్‌లో నాలుగొందల దాకా తేడా తప్ప, ఇంటికి వెళ్ళేది ఒకటే. నేను మొదటిసారి ఎక్సెల్‌లో ఇది చూసినప్పుడు ఫార్ములా తప్పు కొట్టాననుకుని రెండుసార్లు తుడిచి మళ్ళీ రాశా.

మీలో ఎంతమంది ఈ గొయ్యిలో ఉన్న ఉద్యోగికి హైక్ ఇచ్చి, "థ్యాంక్స్ కూడా చెప్పలేదు" అనుకుని ఉంటారో! గ్రాస్ 1,06,000 ఉన్నతనికి 5,000 పెంచి మీరు చెయ్యి దులుపుకుంటే, అతని బ్యాంకు మెసేజ్‌లో అంతకుముందు కంటే రెండొందల పైన తక్కువ పడింది. అతను ఏమని థ్యాంక్స్ చెప్పాలి? ఇలాంటి చోట దారి లేకపోలేదు. పీఎఫ్ 1,800కి పరిమితం చేసుకునే వీలుంటే 1,02,000 గ్రాస్‌తోనే లక్ష చేతికొస్తుంది, ఆదాయం గీత లోపలే ఉంటుంది కాబట్టి పన్నూ లేదు. లేదా పెంచే మొత్తాన్ని కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ అనే పెన్షన్ ఖాతాలో వెయ్యొచ్చు, కొత్త విధానంలో బేసిక్‌లో 14 శాతం దాకా దానికి మినహాయింపు ఉంది. ఇవి మీకు తెలుసు. చెప్పే బాధ్యత ఎవరిదని ఎవరూ రాసిపెట్టలేదు, అందుకని ఎవరూ చెప్పరు.

ఇంకా పైకి వెళ్తే లెక్క తిన్నగానే ఉంటుంది. లక్షన్నర కావాలన్నవాడికి చేతి లెక్కలో అయినా మూడు నిమిషాలు. ఏడాదికి 22 లక్షల గ్రాస్ అని గుడ్డిగా అనుకోండి. పీఎఫ్, పీటీ, పన్ను తీస్తే ఏడాదికి చేతికి 18,25,100 మిగులుతుంది. మనకి కావల్సింది 18 లక్షలు, 25,100 ఎక్కువొచ్చింది. ఆ ఆదాయం దగ్గర ప్రతి గ్రాస్ రూపాయిలో 6 పైసలు పీఎఫ్‌కి, 26 పైసలు పన్నుకి పోయి 68 పైసలు మిగులుతాయి, కాబట్టి 25,100ని 0.68తో భాగించి 22 లక్షల్లోంచి తీసెయ్యండి. 21,63,088. నెలకి 1,80,257. ఫిక్స్‌డ్ సీటీసీ దాదాపు 23.57 లక్షలు. ఎక్సెల్‌లో అయితే ఇదీ అక్కర్లేదు, వాట్-ఇఫ్ అనాలసిస్ కింద గోల్ సీక్ అని ఉంటుంది, కావల్సిన అంకె ఇస్తే అదే వెనక్కి లెక్కేసి పెడుతుంది. మీ సాఫ్ట్‌వేర్లు వీటి తాతలు.

మీరేమంటారో కూడా తెలుసు. "పన్ను ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది సార్, మేమెలా చెప్తాం" అంటారు. పాత విధానంలో ఉన్నప్పుడు ఈ మాట నిజం. అద్దె రసీదులు, ఎల్‌ఐసీ, హోమ్ లోన్ వడ్డీ, జనవరిలో ప్రూఫులు, ఎవరి లెక్క వాళ్ళది. కానీ 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్. అందులో జీతగాడికి ఇంచుమించు స్టాండర్డ్ డిడక్షన్ తప్ప వేరే సంగతి ఉండదు. పాత విధానం కావాలన్నవాళ్ళు కావాలని అడుగుతారు, వాళ్ళకి వేరుగా వెయ్యండి. మిగతావాళ్ళకి ఒకటే జవాబు ఉన్నప్పుడు ఆ జవాబు రాయడానికి ఏం అడ్డం?

అసలు అడ్డం వేరే. "మేం చేతి జీతం రాస్తే, పక్క కంపెనీ సీటీసీ రాస్తుంది, మాది చిన్నగా కనబడుతుంది." ఒక హెచ్‌ఆర్ మేడమ్ టీ దగ్గర నాతో ఉన్నదున్నట్టు అన్న మాటే ఇది, ఆవిడ నిజాయితీకి దండం పెట్టా. పెట్రోల్ బంకులన్నీ ఒకేసారి మీటర్లు సరిచెయ్యాలి, ఒక్కడే చేస్తే వాడి దగ్గర పెట్రోల్ తక్కువొచ్చినట్టు కనబడుతుందనే లాంటి మాట అది. అందుకే ఈ లేఖ ఒక్కరికి కాదు, అందరికీ కలిపి రాస్తున్నా.

పైగా ఇప్పుడు పరిస్థితి ఇంకా చిక్కుపడింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. అలవెన్సుల పేరుతో బేసిక్‌ని కుదించే ఆట ఇక కుదరదు, మొత్తం జీతంలో సగానికి తగ్గకుండా వేతనం కింద లెక్కలోకి రావాలి. మంచిదే, గ్రాట్యుటీ పెరుగుతుంది, ముసలితనానికి పనికొస్తుంది. కానీ మా మేనకోడలి కేసే తీసుకోండి. అదే 12 లక్షల్లో బేసిక్‌ని 40,000 నుంచి 50,000కి మార్చి, పీఎఫ్ పూర్తి బేసిక్ మీదే ఉంచితే, రెండు వైపుల పీఎఫ్ 6,000 చొప్పున అవుతుంది, గ్రాట్యుటీ 2,405 అవుతుంది, గ్రాస్ 80,595, చేతికి 74,395. సీటీసీలో ఒక్క రూపాయి మారలేదు, చేతికొచ్చేది 2,881 తగ్గింది. బావ వేసుకున్న 74,000 పోతే నెలకి మిగిలేది 395 రూపాయలు. అదే పీఎఫ్ 1,800 మీద ఉన్నవాళ్ళకి ఈ కోడ్ వల్ల చేతి జీతంలో దాదాపు ఏ తేడా రాదు, ఉన్నా గ్రాట్యుటీ మేరకే. పాత ఆఫర్ లెటర్లు సవరించి పంపేటప్పుడు "రీస్ట్రక్చరింగ్, నో చేంజ్ ఇన్ సీటీసీ" అని ఒక లైను మెయిల్ కొట్టి వదిలెయ్యకండి. ఆ కోడ్‌లలోనే అందరికీ నియామక పత్రం ఇవ్వాలని, పేస్లిప్ ఇవ్వాలని ఉంది. చేరాక నెలనెలా ఇచ్చే చీటీ, చేరకముందు ఒక్కసారి నమూనాగా ఇస్తే ఏం పోయింది?

ఇంకో గొడవ, ఇది నా తలమీదకే వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్ళ దగ్గర పాత కంపెనీ జీతం వివరాలు అడగండి, దానికోసం ఒక ఫారం ఉన్నదే అందుకు. మా క్లయింట్ ఒకాయన ఆఫీసులో ఒక కుర్రాడు అక్టోబర్‌లో చేరాడు. అంతకుముందు ఆరు నెలలు వేరేచోట 6 లక్షలు, ఇక్కడ ఆరు నెలలకి 7.8 లక్షలు. అక్కడ వాళ్ళు ఏడాదికి 12 లక్షలే కదా అని పన్ను వెయ్యలేదు, ఇక్కడ మేం 7.8 లక్షలే చూసి పన్ను వెయ్యలేదు. నెలనెలా చేతికి బాగా వచ్చింది, అబ్బాయి హాయిగా బైకు కొన్నాడు. రెండూ కలిపితే 13.8 లక్షలు, కట్టాల్సిన పన్ను 78,780, ఆపైన వడ్డీ, అదీ రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి. ఫారం అడగడం మర్చిపోయింది నేనే. ఆ అబ్బాయి నా ఎదురుగా కూర్చుని, "ఇది ఈఎంఐల్లో కట్టొచ్చా సార్" అని అడిగాడు. ఆ టెన్షన్ నా తప్పు, ఇంకెవరి మీదా తోసెయ్యను.

పెద్ద జీతాల గురించే మాట్లాడుతున్నా అనుకోకండి. సెక్యూరిటీ గార్డులు, షోరూమ్ పిల్లలు, ఆస్పత్రి ఫార్మసీలో కూర్చునేవాళ్ళు, వీళ్ళ దగ్గర వంద రూపాయలు కూడా లెక్కే. గ్రాస్ 21,000 అని చెప్పి తీసుకుంటారు. పీఎఫ్ 1,800, పీటీ 200, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) 0.75 శాతం కింద 158 పోతే 18,842. చేతికి 20,000 అడిగినవాడికి 22,000 గ్రాస్ కావాలి, కానీ అప్పుడు 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ ఉండదు (పనిలో ఉండగా పెంచితే నడుస్తున్న ఆర్నెల్ల చందా గడువు దాకా ఉంటుంది). ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవాడికి ఆ కార్డు ఆ వెయ్యి కంటే ఎక్కువ. ఏది కావాలో వాణ్ణి అడిగి చూశారా ఎప్పుడైనా?

నేనడిగేది చిన్న పని. ఆఫర్ లెటర్ మొదటి పేజీలో, సీటీసీ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, "కొత్త పన్ను విధానంలో నెలకి చేతికి సుమారు ఇంత" అని ఒక్క వరస. వేరియబుల్‌ని అందులో కలపకండి, దాన్ని వేరే వరసలో, అది వచ్చినప్పుడు పన్ను ఎంత పోతుందో దాంతో పాటే రాయండి. గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కింద రాసుకోండి, దాచమనట్లేదు. జాయినింగ్ బోనస్ ఉంటే మధ్యలో మానేస్తే తిరిగి కట్టాల్సింది పన్ను పోయాక చేతికొచ్చిందా, మొత్తమా, అదీ అక్కడే చెప్పండి. ఫోన్‌లో మొదటి ప్రశ్న మార్చండి, "చేతికి ఎంత కావాలి మీకు" అని అడగండి. గ్రాస్ మీరు లెక్కెయ్యండి, ఆ పనికే కదా మీకు జీతం, మీ సీటీసీ ఎంతో గానీ.

మా మేనకోడలు ఇప్పుడు మళ్ళీ వెతుక్కుంటోంది. పోయిన బుధవారం మీలో ఒకరు ఫోన్ చేశారు. "ఎక్స్‌పెక్టెడ్ ఎంతండీ?" అన్నారు. "నెలకి చేతికి 95,000, వేరియబుల్ కాకుండా" అంది, నేను పక్కనే ఉన్నా. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "సీటీసీలో చెప్పండి మేడమ్, సిస్టమ్‌లో ఆ కాలమ్ ఒకటే ఉంది" అన్నారు. 13 లక్షల 30 వేలు ఫిక్స్‌డ్ అని చెప్పింది. కనుక్కుని చేస్తామన్నారు, అయిదు రోజులైంది. ఇది చదువుతున్నది మీరే అయితే, నంబరు మీ దగ్గరే ఉంది, సాయంత్రం ఆరు దాటాక చెయ్యండి, పగలు ఆఫీసులో ఉంటుంది.

ఇట్లు,
అమీర్‌పేట నుంచి ఒక పేరోల్ గుమస్తా